కోరుట్లకు వీసా

జగిత్యాల బస్టాండు ఎదురుగా మొదటి అంతస్తులో కూర్చునే గంగాప్రసాద్ చాలా ఏళ్ళుగా మనుషుల్ని దేశం దాటిస్తున్నాడు. దుబాయికి, మస్కట్‌కు, ఖతర్‌కు, ఈ మధ్య పోలండ్‌కు కూడా. ఆయన బల్ల ముందు కూర్చున్నవాళ్ళు ఇంతవరకు అడగని ప్రశ్న లేదు. అయినా ఆ రోజు పొద్దున సామేలు అడిగింది విని, నోటిదాకా వచ్చిన చాయ్ గ్లాసును కింద పెట్టేశాడు.

"ఏడికి కావాల్నంటివి వీసా?"

"కోరుట్లకు సార్."

"మన కోరుట్లకా?"

"మన కోరుట్లకే. నేపాల్ నుంచి మా దోస్తు అస్తుండు. గాయినకు తియ్యాలె. కఫీల్ జాగల నా పేరు రాయుండ్రి."

పరాయి మనిషిని పూచీ పడి పనికి తెప్పించుకునే అరబ్బు యజమానిని కఫీల్ అంటారు. ఈ జిల్లాలో కఫీల్ కింద పనిచేసినవాళ్ళు వేలమంది ఉన్నారు. నేనే కఫీల్‌నంటూ వచ్చి కూర్చున్నవాణ్ణి మాత్రం గంగాప్రసాద్ అంతవరకు చూడలేదు. ముందు చిన్నగా నవ్వాడు. తర్వాత పక్క గదిలోవాణ్ణి పిలిచి మళ్ళీ చెప్పించుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"అన్నా, ఈడికెల్లి బయటికి పోతమనేటోళ్ళే గానీ బయటికెల్లి ఈడికి తెస్తమన్నోన్ని నిన్నే జూసిన. నేపాలోనికి వీసా గీసా ఏం లేదు. రైలెక్కి రమ్మను. అంతా ఓకే."

ఆ చివరి రెండు ముక్కలతోనే వ్యవహారం చెడింది.

సామేలుది మేడిపల్లి. తాతల నాటినుంచి సెంటు భూమి లేని ఇల్లు. మేనమామ వెంట తిరిగి సెంట్రింగ్ పని నేర్చుకున్నాడు: స్లాబు వెయ్యడానికి ముందు కింద జాకీలు నిలబెట్టి, పైన ఇనుప రేకులు పరిచి, కాంక్రీటుకు పక్క వేసే పని. పని బాగా పట్టుబడ్డాక షార్జా పోవాలని ఒక ఏజెంటు దగ్గరికి పోయాడు. ఆ ఏజెంటు చేతిలో పెట్టింది చుట్టపు చూపుగా పోయే విజిట్ వీసా. 'అక్కడికి పోయినంక అదే పని వీసా అయితది, అంతా ఓకే' అన్నాడు. కాలేదు. ఆ ఏజెంటు ఆ తర్వాత దుకాణం ఎత్తేశాడు. సామేలు ఖల్లివెల్లి అయ్యాడు. కాగితాలు లేకుండా దొంగచాటుగా పనిచేసేవాణ్ణి మనవాళ్ళు గల్ఫ్‌లో పిలిచే పేరు అది.

గల్ఫ్ మీద రాసేవాళ్ళు ఇక్కడ ఒక పేజీడు కన్నీళ్ళు పెట్టడం ఆనవాయితీ. సామేలుకు అంత తీరిక లేదు. ఆ రోజుల గురించి అడిగితే ఆయన మొదట చెప్పేది రూము సంగతి. ఆ రూములో అందరూ జగిత్యాల, మెట్‌పల్లి వైపువాళ్ళే. బయటివాళ్ళంటే ఇద్దరే. ఒకడు సిరిసిల్ల షౌకత్. సిరిసిల్ల కూడా పరాయి దేశమే అన్నట్టు అతణ్ణి ఏడిపించేవాళ్ళు. రెండోవాడు నేపాల్‌లోని బుట్వల్ నుంచి వచ్చిన బిర్ఖ బహదూర్. అంతమంది తెలుగువాళ్ళ మధ్య పడ్డ బిర్ఖకు బతకాలంటే తెలుగు రాక తప్పలేదు. ముక్కుతో పలికినా యాస మాత్రం అచ్చం కోరుట్లదే. వాళ్ళ సూపర్‌వైజరు చాలా రోజులు అతణ్ణి ఆంధ్రా మనిషే అనుకున్నాడు.

తనిఖీలు వచ్చినప్పుడు సామేలును దాచింది బిర్ఖే. కట్టుబడి నడుస్తున్న బిల్డింగులో, కొత్తగా వేసిన స్లాబు కింద, జాకీల అడవిలో కూర్చోబెట్టేవాడు. టిఫిను డబ్బాలో పప్పు, అన్నం తెచ్చి జాకీల సందులోంచి జరిపేవాడు. "తినుర, నీ మొకం జూస్తే ఎవడన్న పోలీసోడే ఇంత బువ్వ పెట్టి పంపిస్తడు" అనేవాడు. ఒక ఎండాకాలం, ఒక చలికాలం అట్లా గడిచాయి. చివరికి అక్కడి సర్కారు క్షమాభిక్ష ప్రకటిస్తే సామేలు ఇంటికి వచ్చాడు.

ఆ స్లాబు కిందే సామేలు, బిర్ఖ, షౌకత్ ముగ్గురూ ఒక మాట అనుకున్నారు. ముగ్గురిలో ఎవడు ముందు ఇల్లు కట్టినా మిగతా ఇద్దరూ వచ్చి సెంట్రింగ్ కొట్టాలి. కూలి అడగొద్దు, దావత్ మాత్రం తినాలి.

ఇప్పుడు కోరుట్ల చివర కొత్త కాలనీలో సామేలు ఇంటి గోడలు లేచాయి. ఊరంతా ఎందరికో స్లాబులు వేసిన మనిషి ఇన్నాళ్ళూ రేకుల షెడ్డులో ఉన్నాడు. స్లాబు రోజు ఖాయం కాగానే బిర్ఖకు ఫోన్ చేశాడు.

"అస్తున్న. గోరఖ్‌పూర్ల రైలెక్కుత" అన్నాడు బిర్ఖ.

"వీసా తీసినవా?"

"ఏం వీసార? నీ ఇంటికి అచ్చెటందుకా?"

ఫోన్‌లో బిర్ఖ పగలబడి నవ్వాడు. సామేలుకు గుండెలో రాయి పడింది. కాగితాలు లేని రోజుల్లో తనూ ఇంటికి ఫోన్ చేసినప్పుడు అట్లాగే నవ్వేవాడు. తనను దాచి కూడు పెట్టినవాడు తన ఇంటికి వచ్చి, తన వాకిట్లో, తన కళ్ళముందే ఖల్లివెల్లి అవుతాడా? పట్టుకుపోతే ఎవడు విడిపిస్తాడు? అందుకే జగిత్యాల పోయాడు. అక్కడ ఒక ఏజెంటు మళ్ళీ 'అంతా ఓకే' అన్నాడు. ఆ మాట రెండోసారి నమ్మేంత అమాయకుడు కాదు సామేలు. గంగాప్రసాద్ జీవితంలో అంత ఉచితంగా, అంత నిజాయితీగా సలహా ఇచ్చింది బహుశా ఆ ఒక్కరోజే. దాన్ని నమ్మిన నాథుడు లేడు.

ఇంటికి రాగానే కూతురు సంగీత ఫోన్ తెరిచి చూపింది. జగిత్యాలలో డిగ్రీ చదువుతుంది ఆ పిల్ల.

"బాపూ, గిది జూడు. పందొమ్మిది వందల యాభైలనే రెండు దేశాలు ఒప్పందం రాసుకున్నయ్. వాళ్ళు ఈడికి రావచ్చు, మనం ఆడికి పోవచ్చు, వీసా అక్కర లేదు. వాళ్ళు ఈడ ఉండచ్చు, పని గూడ చేసుకోవచ్చు."

"రాసుకున్నోళ్ళు ఢిల్లీల ఉంటరు బిడ్డా. పట్టుకునేటోడు కోరుట్లల ఉంటడు."

"ఫోన్ల అబద్ధం రాస్తరా?"

"నా వీసా గూడ అచ్చు కాయితం మీదనే ఉండె."

పొయ్యి దగ్గరనుంచి భార్య పుష్ప అందుకుంది. "మీ బాపుకు కడుపు నిండ తిన్నంక గూడ, తిన్నట్టు ముద్ర ఏసిన కాయితం కావాలె. ఇడిసిపెట్టు బిడ్డా."

బిర్ఖ వచ్చే రోజు పొద్దున్నే సిరిసిల్లనుంచి షౌకత్ దిగాడు. అక్కడ సాంచాల మీద, అంటే పవర్‌లూమ్ మగ్గాల మీద, పనిచేస్తాడు. సంచీలో తను నేసిన తువ్వాల తెచ్చాడు. సామేలు దాన్ని చూడగానే, "ఇది మంచిగ పనికస్తది. నెత్తికి సుట్టి మొకం కప్పుదాం" అన్నాడు.

"సామేల్ భాయ్, నేను తెచ్చింది మర్యాద చేసెతందుకు. కిడ్నాప్ చేసెతందుకు గాదు."

"నీకు తెల్వది. ఖల్లివెల్లి అయితె తెలుస్తది."

"నాకు తెలుసు ఏం గాదని. గానీ నీ మొకం జూస్తుంటే నాకు గూడ భయమైతుంది. పా."

కాజీపేటలో రైలు దిగిన బిర్ఖ కరీంనగర్ మీదుగా కోరుట్ల బస్సెక్కాడు. బస్సు ఇంకా ఆగకముందే ఫుట్‌బోర్డు మీదనుంచి బస్టాండంతా వినబడేలా కేకేశాడు. "అరే సామేలూ! గింత బక్కగైనవేందిర? పుష్ప వదిన బువ్వ పెడ్తలేదా?"

పండ్ల బండ్లవాళ్ళు, ఆటోవాళ్ళు అందరూ తిరిగి చూశారు. సామేలు ఉరికిపోయి, కౌగిలించుకుంటున్నట్టే కౌగిలించుకుని తువ్వాల నెత్తిమీద కప్పేశాడు. ఇద్దరూ కలిసి అతణ్ణి ఆటోలోకి తోశారు. ఆటో కదిలాక సామేలు గొంతు తగ్గించి చెప్పాడు. "ఎవరన్న అడిగితె నువ్వు ఆదిలాబాదోనివి. పేరు భీమ్‌రావు."

తువ్వాల లోపలినుంచి గొంతు వచ్చింది. "భీమ్‌రావు మంచిగనే ఉంది. మరి మా ఇంటిది ఫోన్ చేస్తె గూడ నేను భీమ్‌రావునేనా?"

షౌకత్ నవ్వాపుకోలేక డ్రైవరు సీటు పట్టుకున్నాడు.

ఇంటికి చేరాక సామేలు దోస్తును నేరుగా కట్టుబడి ఇంట్లోకి తీసుకుపోయాడు. అప్పటికే సగం జాకీలు నిలబడి ఉన్నాయి. ముగ్గురూ చొక్కాలు విప్పి పనిలోకి దిగారు. రేకులు పరిచారు, మేకులు కొట్టారు, మూలమట్టం చూశారు. పాత తిట్లు తిట్టుకున్నారు. షౌకత్‌కు సుత్తి పట్టడం ఇంకా సరిగా రాదని బిర్ఖ, బిర్ఖకు చాయ్ తాగడం తప్ప ఇంకేదీ రాదని షౌకత్. సామేలు పదేళ్ళు చిన్నవాడైనట్టు కనిపించాడని పుష్ప సంగీతతో అంది. గేటు చప్పుడైతే మాత్రం ఆయన చెయ్యి బిర్ఖ భుజం మీద పడి కిందికి నొక్కేది. జాకీల మధ్య కూర్చున్న బిర్ఖకు పళ్ళెంలో అన్నం తెచ్చి, సందులోంచి జరిపేవాడు.

బిర్ఖ పళ్ళెం అందుకుని ఆయన ముఖంలోకి చూసి, "అప్పుడు నువ్వు లోపట, నేను బయట. ఇప్పుడు బదలాయించుకున్నమా?" అన్నాడు.

"స్లాబు వడేదాక ఓపిక వట్టు. తర్వాత చీకటి వడంగ బస్సెక్కిస్త."

"ఎక్కియ్యి. గానీ దావత్ అయినంకనే."

స్లాబు రోజు పొద్దున్నే పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర మేస్త్రీ లచ్చయ్య కొబ్బరికాయ కొట్టాడు. కొట్టకుండా మిల్లర్ తాడు లాగడం ఆయన అలవాటులో లేదు. ప్రార్థనా అయింది, కొబ్బరికాయా అయింది. మిల్లర్ గుర్రుమంది. ఇల్లు ఎవరిదైనా, దేవుడు ఎవరైనా, కోరుట్లలో స్లాబు పడడమంటే ఇంతే. మధ్యాహ్నానికి మటన్ ఉడికిందా లేదా అన్నదే మిగిలిన ప్రశ్న.

స్లాబు పడుతున్నంతసేపూ ఒక మనిషి కింద ఉండి జాకీలు చూసుకోవాలి. ఆ పని బిర్ఖది. సామేలుకు అంతకంటే భద్రమైన చోటు తోచలేదు. పైన లచ్చయ్య కూలీలు బకెట్లు అందిస్తున్నారు. షౌకత్ వంట దగ్గర ఉప్పు చూస్తున్నాననే పేరుతో ముక్కలు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని హెడ్ కానిస్టేబుల్ రాజేందర్ లోపలికి వచ్చాడు.

సామేలు పుష్ప వైపు చూశాడు. "ఈయన్నెవరు పిలిశిండ్రు?"

"నేనే పిలిశిన. గల్లీల ఉండెటాయనను పిలువకుంటె ఎట్ల? ఆయినింటి స్లాబు నువ్వే గద ఏసింది!"

రాజేందర్ యూనిఫాంలో లేడు. తెల్ల బనీను, గళ్ళ లుంగీ. తీరిగ్గా ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నీడ ఎక్కడుందా అని చూసి, తిన్నగా స్లాబు పక్కనే, జాకీలకు ఎదురుగా వేసుకున్నాడు.

"సార్, గీడ దుమ్ము సార్" అంటూ సామేలు కుర్చీని, అందులో కూర్చున్న సారుతో సహా, జరిపాడు.

"గీడ ఎండ గదయ్యా."

"గట్లయితె గిటు." మళ్ళీ జరిపాడు. అక్కడ పొయ్యి పొగ. రాజేందర్ లేచి కుర్చీ ఎత్తుకుని మొదటి చోటికే వచ్చి కూర్చున్నాడు. "ఏం సామేలు, దావత్‌కు పిలిశి ఊరవతలకు జరుపుతున్నవ్. కూర తక్కువైందా?"

సామేలు నవ్వబోయాడు, కాని ముఖం సహకరించలేదు. ఆ సమయానికే లోపలినుంచి అరుపు వినబడింది.

"పైన ఆపుండ్రి! మాల్ పొయ్యకుండ్రి! నడిమి దూలం కాడ జాకీ జారుతుంది!"

మిల్లర్ మోతను మించిన కేక అది. లచ్చయ్య చెయ్యెత్తాడు, బకెట్లు ఆగాయి. అందరికంటే దగ్గరున్నది రాజేందర్. ఆయన ఒక్క ఉదుటున లోపలికి దూరి, జారుతున్న జాకీని రెండు చేతులతో ఒడిసిపట్టి భుజం ఆనించాడు. అటువైపు బిర్ఖ అదే జాకీని కౌగిలించుకుని ఉన్నాడు. సామేలు సుత్తి, చెక్కముక్క పట్టుకుని పాక్కుంటూ వచ్చాడు. దెబ్బ మీద దెబ్బ వేసి చెక్క బిగించి, జాకీ మర తిప్పాడు. పైన తడి బరువు ఒకసారి మూలిగి, సర్దుకుంది. రేకు నిలబడింది. ముగ్గురూ అట్లాగే ఊపిరి పీల్చుకుంటూ ఉండిపోయారు.

రాజేందర్ బనీనుతో ముఖం తుడుచుకున్నాడు. "శాన మంచిగ జూసినవ్ తమ్మీ. జరంత లేటైతె ఇల్లు నడిమిట్ల కుంగుతుండె. ఏ ఊరు మనది?"

ఆదిలాబాదు, భీమ్‌రావు. రెండే ముక్కలు. అబద్ధమాడడానికి కూడా కొంచెం ఊపిరి మిగలాలి, బిర్ఖ ఊపిరి మొత్తం జాకీకే ఖర్చయిపోయింది.

"నేపాల్ సార్" అన్నాడు. "బుట్వల్."

బయటినుంచి వంగి చూస్తున్న షౌకత్, "ఖతం" అన్నాడు.

సామేలు సుత్తి కింద పడేసి ఇద్దరి మధ్యకు జరిగాడు. "సార్, తప్పంత నాది. ఆయనకేం తెల్వది. ఈడ ఆయన కఫీల్ను నేనే. వీసా తీద్దామని జగిత్యాలకు గూడ పోయిన, ఏజెంటు తియ్యకపాయె. తీస్కపోతె నన్ను తీస్కపోండ్రి. ఆయన నన్ను దాసిపెట్టి బువ్వ పెట్టిండు సార్, ఇయ్యాల నా ఇంట్ల ఆయనను పట్టియ్య."

చేతులు రెండూ ముందుకు చాచాడు. రాజేందర్ ఆ చేతుల వైపు, బిర్ఖ వైపు, మళ్ళీ ఆ చేతుల వైపు చూశాడు.

"నేపాలోనికి వీసా ఎందుకయ్యా?"

"సార్?"

"మన గల్లీల నెలకోసారి ఇంటింటికి అచ్చి సలాం కొట్టే గూర్ఖా ఏ ఊరోడు? పోయిన నెల మీ గేటు కాడ నిలవడి చాయ్ తాగలే? నువ్వే గద పోసింది!"

సామేలు చాచిన చేతులు మెల్లగా దించాడు.

"బస్టాండ్ కాడ నూడుల్స్ బండి ఎవనిది? నీ బిడ్డకు ఆయిన బాగ ఎరుక. అడుగు. అందరు గా దేశపోళ్ళే. కార్డొకటి జేబుల ఉంటె సాలు. ఉన్నదా తమ్మీ?"

బిర్ఖ జేబులోంచి తమ దేశపు పౌరసత్వం కార్డు తీసి చూపించాడు. రాజేందర్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఫొటోల మంచిగున్నవ్" అని తిరిగి ఇచ్చేశాడు.

ముందుగా నవ్వింది పుష్ప. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని నవ్వింది. తర్వాత సంగీత, షౌకత్, పైన బకెట్లు పట్టుకున్న కూలీలు. లచ్చయ్య స్లాబు అంచునుంచి తల కిందికి పెట్టి, "ఏమైందో చెప్పి నవ్వుండ్రి, మాల్ గట్టి పడ్తుంది" అని అరిచాడు.

సామేలు జాకీకి ఆనుకుని కూలబడ్డాడు. గూర్ఖాకు చాయ్ పోసిన గ్లాసు కూడా కళ్ళముందు కనబడింది. ఏళ్ళ తరబడి ఆ మనిషి వాకిట్లోకి వస్తున్నాడు. పిల్లల్ని పలకరిస్తున్నాడు, పండక్కి చొక్కా అడిగి తీసుకుంటున్నాడు. నీ వీసా ఏదని అతణ్ణి అడగాలని ఈ గల్లీలో ఎవరికీ తట్టలేదు, తనకూ తట్టలేదు. వీసా అంటే తమ ఊరివాళ్ళను బయట ఎక్కడో ఆపేది. తన గేటు ముందు ఒకడు ఆగకుండా లోపలికి వస్తే అందులో వింతేముందని? ప్రేమించిన మనిషి వస్తున్నాడనేసరికి ఎడారి భయమంతా వెంట వచ్చి వాకిట్లో కూర్చుంది.

"నేను అబద్ధం చెప్పిన్నార?" అన్నాడు బిర్ఖ, పక్కన కూలబడి. "ఫోన్ల గూడ చెప్పిన గద."

"నువ్వు నవ్వినవ్. నవ్వుకుంట చెప్పితె నేనెట్ల నమ్ముత?"

మిల్లర్ మళ్ళీ గుర్రుమంది. మధ్యాహ్నం దాటాక స్లాబు పూర్తయింది. దావత్‌లో భీమ్‌రావు పేరు ఎత్తనివాడు లేడు. రాజేందర్ రెండోసారి కూర వేయించుకుంటూ, "కఫీల్ సాబ్, జర ఇటు గూడ సూడుండ్రి" అన్నాడు. ఆ పేరు కాలనీలో అప్పుడే స్థిరపడిపోయింది. తిన్న చెయ్యి కడుక్కుని సామేలు జగిత్యాలకు ఫోన్ చేశాడు.

"గంగాప్రసాద్ సార్, మీరు నిజమే చెప్పిండ్రు."

అవతలనుంచి గంగాప్రసాద్ వెంటనే అందుకున్నాడు. "గిదే మాట మా ఆఫీసుకు అచ్చి నలుగురి ముంగట చెప్పుతవా? దారి ఖర్చులు నేనిస్త."

సాయంత్రం సామేలు బిర్ఖకు తన మంచి చొక్కా తొడిగించాడు. తువ్వాలను ఈసారి మెడలో వేశాడు. ముగ్గురూ నడుచుకుంటూ ఊరు చూడ్డానికి బయల్దేరారు. సామేలు చూపించిన ఊరు చిత్రంగా ఉంది. పోలీస్ స్టేషన్ ముందునుంచి బస్టాండు దాకా, బస్టాండునుంచి మళ్ళీ పోలీస్ స్టేషన్ ముందుకు. నూడుల్స్ బండి దగ్గర బిర్ఖ నేపాలీలో పలకరిస్తే బండివాడు గరిటె వదిలేసి వచ్చి చేతులు పట్టుకున్నాడు. సామేలు ఆ ఇద్దర్నీ తన ఆస్తి చూసుకున్నట్టు చూసుకుని, "ఇంకొక్కపారి అటు పోదాం పాండ్రి" అన్నాడు.

"మల్ల గా స్టేషన్ దిక్కేనా?" అన్నాడు షౌకత్. "నా కాళ్ళు సిరిసిల్లకు నడిచినంత నడిచినయ్."

"నడువనియ్యి. నడిరోడ్డు మీద నడువనియ్యి."

బిర్ఖ సామేలు చేతిలో చెయ్యి వేసి నడిచాడు. కొంచెం దూరం పోయాక, "అచ్చే చలికాలం నా ఇంటి స్లాబు. మీరిద్దరు బుట్వల్ రావాలె" అన్నాడు.

"మరి..." అని సామేలు ఆగిపోయాడు.

"ఓటరు కార్డు జేబుల ఏస్కో భాయ్, సాలు" అన్నాడు షౌకత్. "రూలంటే రూలే, అటు ఇటు ఒక్కటే. నిన్నక్కడ జాకీల కింద కూసోపెట్టరు."

స్టేషన్ గేటు దగ్గర ఇప్పుడు యూనిఫాంలో రాజేందర్ నిలబడి ఉన్నాడు. వీళ్ళను చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏమయ్యా కఫీల్ సాబ్, ఏమన్న పోగొట్టుకున్నవా? పొద్దుగూకినకాంచి గిక్కడిక్కడనే తిరుగుతున్నవ్."

"లేద్సార్. మా దోస్తుకు కోరుట్ల సూపెడుతున్న."

"కోరుట్లంత గీ గేటు ముంగటనే ఉన్నదా? సరే, లోపటికి రాండ్రి. చాయ్ తాగిపోదురు."

షౌకత్, బిర్ఖ మెట్లెక్కారు. వెనక్కి తిరిగి చూస్తే సామేలు ఇంకా కిందే ఉన్నాడు. వంగి, రెండు చెప్పులూ విడిచి, గోడ పక్కన వరసగా పెడుతున్నాడు.

"చెప్పులెందుకు ఇడిసినవ్‌ర?" అన్నాడు బిర్ఖ.

"పిలిశిన ఇంటికి పోతున్నం గద" అని సామేలు మెట్లెక్కాడు.